తలుపు అవతలి గొంతు

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్లు. మాది తెనాలి. కాలేజీ రోజుల్లో పరిషత్తు నాటక పోటీల్లో వేషాలు వేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ పని చేస్తూ, యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉంటూ, సెలవు రోజుల్లో ఆడిషన్లకు వెళ్తున్నాను. వేదిక మీద ఎన్నడూ లేని భయం ఇక్కడ పట్టుకుంది. మొన్న ఒక వెబ్ సిరీస్‌కు ఎవరైనా రావచ్చని ప్రకటన ఇస్తే వెళ్లాను. వందల మంది వచ్చారు. నాలుగు గంటలు మెట్ల మీదే కూర్చున్నాను. నాకంటే ముందు వెళ్లిన అమ్మాయి డైలాగు చెబుతుంటే తలుపు అవతల నుంచి వినిపించింది. చాలా బాగా చెప్పింది. అంతే, నా నోరు ఎండిపోయింది. చేతులు వణికాయి. లోపలికి వెళ్లాక రెండో వాక్యమే మర్చిపోయాను. అర నిమిషంలో ‘సరే, థాంక్స్’ అనేశారు. నాకు తోడుగా వచ్చి, సరదాగా పేరు రాయించుకున్న నా రూమ్మేట్‌ను మాత్రం రెండో రౌండుకు పిలిచారు. తను ఏమీ సిద్ధం కాలేదు. నేను వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను. అప్పటి నుంచి తనతో మనసు విప్పి మాట్లాడలేకపోతున్నాను. ఒక సీనియర్ ‘గుండె దడ తగ్గే మాత్ర ఉంది, వేసుకో’ అంటున్నారు. ఈ భయం పోవాలంటే ఏం చేయాలి? ఇంత పోటీలో నాలాంటివాళ్లకు చోటు ఉంటుందా? ఆడిషన్‌కు ఎలాంటి దుస్తులు వేసుకోవాలో కూడా చెప్పండి.

సమాధానం: ముందు ఆ మాత్ర సంగతి తేల్చేద్దాం. మీ సీనియర్ చెప్పింది బహుశా ప్రొప్రానొలాల్ గురించి. అది బీటా బ్లాకర్ల కోవలోని మందు. రక్తపోటుకు, గుండె లయ తప్పినప్పుడు, పార్శ్వనొప్పి రాకుండా ఉండటానికి వైద్యులు రాస్తారు. పాశ్చాత్య దేశాల్లో కొందరు సంగీత విద్వాంసులు కచేరీకి ముందు దీన్ని వాడటం ఎప్పటి నుంచో ఉన్నదే. దడ, చేతి వణుకు తగ్గిస్తుందన్న మాట నిజమే. కానీ ఉబ్బసం ఉన్నవారికి ఇది ప్రమాదకరం. నాడి నెమ్మదిగా కొట్టుకునేవారికి, రక్తపోటు తక్కువగా ఉండేవారికి కూడా పడదు. డాక్టరు పరీక్షించి రాయాల్సిన మందును ఇంకొకరి పర్సులోంచి తీసుకుని మింగకండి. ఆడిషన్లతో సంబంధం లేని రోజుల్లో కూడా ఈ దడ వస్తున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా అది వేరే సంగతి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక భయం. పోయే దారి చెప్పమన్నారు. పోదు. ముఖ్యమైన పని ముందుంటే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది. రక్తం పెద్ద కండరాల వైపు మళ్లడంతో వేళ్లు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నాలుక అంటుకుపోతుంది. పరిషత్తుల్లో తెర లేచే ముందు నాలుగోసారి బాత్రూం వైపు నడిచే పెద్ద నటులను మీరూ చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో లారెన్స్ ఒలివియర్ అంతటి మహానటుడు, యాభై ఏళ్లు దాటి నేషనల్ థియేటర్‌కు అధిపతిగా ఉన్న రోజుల్లో, వేదిక భయానికి చిక్కి, తోటి నటులను తన కళ్లలోకి సూటిగా చూడవద్దని బతిమాలుకున్నాడు. అనుభవంతో ఇది ఆగిపోతుందని ఎదురుచూడకండి.

ఆగకపోయినా పని జరుగుతుంది. పాడబోయే ముందు, ప్రసంగించబోయే ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవారికంటే ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అన్నవారు మెరుగ్గా చేశారని 2014లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. వినడానికి గారడీలా ఉన్నా కారణం తేలికగానే అర్థమవుతుంది. ప్రశాంతత రావాలంటే శరీరం మొత్తం దారి మార్చుకోవాలి. ఉత్సాహంలోనైతే గుండె ఎలాగూ అంతే వేగంగా కొట్టుకుంటుంది, దాన్ని ఆపనక్కరలేదు. మెట్ల మీద కూర్చుని ‘భయపడకు, భయపడకు’ అని జపం చేసే బదులు ఈ మాట అనుకుని చూడండి.

మీ గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి సంగతి మీరు వినే ఉంటారు. 1950లో వచ్చిన ‘సంసారం’లో ఆమెను మొదట నాయికగా తీసుకున్నారు. కంగారులో టేకుల మీద టేకులు కావడంతో ఆ పాత్ర చేజారి, అదే సినిమాలో చిన్న వేషం మిగిలింది. మూడేళ్లకు ‘దేవదాసు’ వచ్చింది. మీరూ అంతటివారవుతారని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. అలా చెప్పేవాళ్లు సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లు తిరిగే కృష్ణానగర్‌లో టీ కొట్టుకొకరు దొరుకుతారు, వాళ్లను నమ్మకండి. ఆ రోజు ఆమెను మార్చినవాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. షాటు కావడం లేదు, మార్చారు. ఆ నిర్ణయం ఆ షాటుకు సంబంధించినది, అంతవరకే. ఆ అమ్మాయిలో ఏముందో దాని ఆధారంగా ఎవరూ చెప్పలేకపోయేవారు. మీ అర నిమిషం గురించి కూడా నేను అంతకుమించి ఏమీ అనను.

అయితే వేదిక మీద లేని భయం ఇక్కడ ఎందుకు వచ్చింది? పోటీ వల్ల అని మీ లెక్క. పరిషత్తులో పోటీ లేదా? ఉత్తమ నటి బహుమతికి ఎన్ని నాటక సమాజాలు తలపడతాయో నాకంటే మీకే బాగా తెలుసు. తేడా వేరే చోట ఉంది. అక్కడ వారాల తరబడి రిహార్సల్ ఉంది. ఒంటి మీద ఆహార్యం, పక్క వింగులో మాట మర్చిపోతే అందించే ప్రాంప్టర్ ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా ఎదురుగా ఇంకో పాత్ర ఉంది. మీ మాట వెళ్లి తగలడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆడిషన్ గదిలో ట్యూబులైటు, తెల్ల గోడ, స్టాండు మీద కెమెరా. చూడటానికి ఎవరూ లేకపోయేసరికి మనసు తనను తానే చూసుకోవడం మొదలుపెడుతుంది. చెయ్యి ఎక్కడ పెట్టాను, గొంతు వణికిందా, ఆ కుర్చీలో ఆయన ఆవులించాడా? నటుడి ధ్యాసను వేదిక మీద ఒక వస్తువుకో, ఎదుటి మనిషికో పూర్తిగా అప్పగిస్తేనే ప్రేక్షకుల భయం వెనక్కి తగ్గుతుందని రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన శిష్యులకు నేర్పాడు. నూరేళ్లు దాటినా దాన్ని మించిన మందు నాకు కనబడలేదు.

మీ విషయంలో ఏం జరిగిందో ఈ కోణంలో చూడండి. తలుపు అవతల ఆ గొంతు వినబడగానే మీ ధ్యాస మీ పాత్రను వదిలి ఆమె పాత్ర దగ్గరకు వెళ్లిపోయింది. మీరు లోపలికి వెళ్లింది అన్నయ్యతోనో అమ్మతోనో మాట్లాడటానికి కాదు, ఆ అమ్మాయికంటే బాగా చెప్పడానికి. ఆ వాక్యం మతిమరుపు వల్ల పోలేదు. ఒకేసారి రెండు పనులు పెట్టుకుంటే ఒకటి జారిపోయింది.

ఆడిషన్లలో ఎదురు డైలాగు చదివే కుర్చీలో చాలాకాలంగా కూర్చుంటున్నాను కాబట్టి ఒకటి చెప్పగలను. చేతులు వణికేవాళ్లు మాకు ఇబ్బంది కాదు. వణుకుతూనే చెప్పి ఎంపికైనవాళ్లున్నారు. ఇబ్బంది పెట్టేది సన్నివేశం ఎలా చేయాలన్న తమ నిర్ణయాన్ని వరుసలో కూర్చుని మార్చుకుని వచ్చేవాళ్లు. ఉదయం ఒకరు గట్టిగా ఏడిస్తే ఆ ఏడుపు మెట్ల దాకా వినబడుతుంది. ఇక వెనక వచ్చే ప్రతి ఒక్కరూ ఏడుస్తారు. భోజనాల వేళకు మాకు తలనొప్పి మొదలవుతుంది. ఆ సమయంలో ఎవరైనా వచ్చి, ఏడవకుండా, ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టు చెబితే, ఫోను చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తుతారు. మీ రూమ్మేట్ ఆ రోజు చేసింది అదేనేమో. తనకు పోయేదేమీ లేదు కాబట్టి మామూలుగా మాట్లాడి ఉంటుంది.

దీన్నిబట్టి సిద్ధం కాకుండా వెళ్లమని కాదు. మీరు సిద్ధమైన పద్ధతి గురించే నాకు పేచీ. అద్దం ముందు వారం రోజులంటే, ఏ మాటకు కనుబొమ్మ ఎత్తాలి, ఎక్కడ కన్నీరు రావాలి అన్నవి స్థిరం చేసుకున్నారన్న మాట. భయం రాగానే మొదట కూలేవి అవే. ముఖాన్ని కాకుండా సందర్భాన్ని సిద్ధం చేసుకోండి. పొలం కాగితాల మీద సంతకం పెట్టమని అన్న అడిగే సన్నివేశం ఇచ్చారనుకుందాం. చెల్లెలికి కోపం వచ్చిందని రాసుకుంటే మీకు అరవడం తప్ప వేరే పని మిగలదు. ఆమెకు ఏం కావాలి? అన్న పెన్ను కింద పెట్టి, కూర్చుని, రెండు నిమిషాలు తన మాట వినాలి. అది సాధించడానికి ఆమె మొదట నవ్వవచ్చు, తరవాత బతిమాలవచ్చు, చివరికి బెదిరించవచ్చు. ఈ సంభాషణకు ఒక్క నిమిషం ముందు ఇంట్లో ఏం జరిగిందో కూడా తేల్చుకోండి. వంటింట్లో వదిన ఏమైనా అందా? ఇవి తెలిస్తే లోపల గుండె ఎంత కొట్టుకున్నా చేయడానికి ఒక పని ఉంటుంది. ఎదుట ఎవరూ లేకపోతే కెమెరాకు కొంచెం పక్కగా, మీ కళ్ల ఎత్తులో గోడ మీద ఒక చోటు చూసుకుని అన్నను అక్కడ నిలబెట్టండి. ఎవరైనా డైలాగు అందిస్తుంటే, అతను ఎంత చప్పగా చదివినా సరే, అతని మాటే వినండి.

మీ డైలాగు నోటికి వచ్చిందనుకున్నాక ఇంకో మెట్టు ఉంది. బట్టలు మడతపెడుతూ చెప్పండి, మెట్లెక్కుతూ చెప్పండి, పక్క గదిలో టీవీ మోగుతుంటే గుసగుసగా చెప్పండి. ఒకే భంగిమలో, ఒకే రాగంలో కంఠస్థం చేసిన వాక్యం ఆ రాగం తప్పగానే మాయమవుతుంది. మొదటి వాక్యం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. మొదలుపెట్టిన క్షణాల్లోనే గుండె వేగం శిఖరాన ఉంటుంది, నిమిషం గడిచేసరికి దిగడం మొదలవుతుంది. కాబట్టి అతి పెద్ద భావోద్వేగాన్ని మొదటి మాట మీద ఎక్కించకండి. అన్న అప్పుడే ఏదో అన్నట్టు ఒక క్షణం విని, ఊపిరి వదిలి, అప్పుడు మాట్లాడండి. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, కుడి పక్కకీ ఎడమ పక్కకీ తిరిగి చూపించమంటారు కదా, దాన్ని చాలామంది గబగబా పాఠం అప్పజెప్పినట్టు ముగిస్తారు. దడ దిగడానికి మీకు దొరికే ఉచిత సమయం అది. మీ పేరును మీరే మొదటిసారి వింటున్నంత నిదానంగా చెప్పండి.

పరిషత్తు అలవాటు ఒకటి ఇక్కడ మీకు అడ్డు. చివరి వరుసకు వినబడాలని మీకు నేర్పారు. ఆ చిన్న గదిలో కెమెరా మూరెడు దూరంలో ఉంటుంది, మైకు మీ ఊపిరి కూడా పట్టేస్తుంది. గొంతు సగానికి తగ్గించండి, బలం తగ్గించకండి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఫోనులో మిమ్మల్ని మీరు తీసుకుని, రెండు రోజులు ఆగి చూసుకుంటే తెలుస్తుంది.

వరుసలో ఉన్నంతసేపూ మీకు కావలసింది దూరం. టోకెన్ ఇచ్చారా, మీకు ముందు ఎందరున్నారో కనుక్కుని తలుపుకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా కూర్చోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, పాట వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. ఖాళీ కడుపుతో వెళ్లకండి, నాలుగు టీలు తాగకండి. కెఫీన్ వణుకును పెంచుతుంది. రెండు అరటిపండ్లు, నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి. మీ వంతుకు కాస్త ముందు లేచి నడవండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరో ఏడో లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది, ఇందులో మహత్యమేమీ లేదు. పక్కవాళ్ల అనుభవాల చిట్టా వినకండి. ‘ఈ పాత్రకు ఎవరినో ఎప్పుడో తీసేసుకున్నారు, ఇదంతా లాంఛనం’ అనేవాడు ప్రతి వరుసలోనూ ఒకడు ఉంటాడు. ఒక్కోసారి అతను చెప్పిందే నిజం కూడా. అయినా మీ వీడియో వాళ్ల దగ్గర ఉంటుంది, పాత వీడియోలు తిరగేసి ఇంకో పాత్రకు పిలవడం ఈ పనిలో మామూలే.

లోపల ఉన్నది ఎవరన్నది కూడా తెలుసుకుని వెళ్లండి. అందరూ రావచ్చన్న ఆడిషన్లలో మొదటి రోజు దర్శకుడు కనబడటం తక్కువ. కెమెరా వెనక ఉన్న కుర్రాడు పొద్దున్నుంచి బ్యాటరీలు మార్చుకుంటూ, ఫోకస్ చూసుకుంటూ ఉంటాడు. అతని ముఖంలో ఉన్నది ఆకలి. దాన్ని తీర్పుగా చదవకండి. అసలు చూడాల్సినవాళ్లు రాత్రికో మర్నాడో చూస్తారు. కాగితం చేతిలో పట్టుకుంటే చిన్న వణుకు పెద్దదిగా కనబడుతుంది, తప్పనిసరైతే అట్ట మీద పెట్టి పట్టుకోండి. వాక్యం పోతే మొదట్లోనే ఆగి, ‘ఒకసారి మళ్లీ మొదలుపెడతానండీ’ అని అడగండి. ఒక్కసారికి ఎవరూ కాదనరు. వివరణ, క్షమాపణ, నాలుగు గంటల నిరీక్షణ కథ అవసరం లేదు. ‘ఇదే కొంచెం నవ్వుతూ చెప్పండి’ అంటే మీరు తప్పు చేశారని అర్థం చేసుకోకండి. మార్పు చెబితే వినగలరా అని చూస్తున్నారు. అప్పుడు మీ పాత పద్ధతి ఎందుకు సరైనదో వాదించినవాళ్లను కూడా చూశాను.

పోటీలో చోటు ఉందా అన్నది పెద్ద ప్రశ్న. మ్యాచింగ్ సెంటర్‌కు చీర పట్టుకుని వెళ్లినప్పుడు కొట్టతను ఇరవై జాకెట్టు గుడ్డలు పరుస్తాడు. పందొమ్మిదింటిని పక్కన పెట్టేస్తాం, వాటి నేత బాగా లేదని కాదు. ఇక్కడ చీర ముందే ఎంపికై ఉంటుంది. నాయకుడి ఎత్తు ఖాయం, అమ్మ పాత్ర వేసే నటి ముఖం ఖాయం, ఆమెకు కూతురిలా కనబడాలి. షూటింగ్ తేదీలకు మీ ఉద్యోగం అడ్డు రాకూడదు. కొన్నిసార్లు ఇన్‌స్టాగ్రామ్‌లో ఎందరు అనుసరిస్తున్నారన్నది కూడా ఫారంలో అడుగుతారు, నాకది చిరాకు. వీటిలో చాలావాటికి మీరు చేయగలిగింది ఏమీ లేదు. మరో చేదు నిజం, పెద్ద సినిమాల నాయిక పాత్రలు ఎక్కువగా తెలుగు రానివారికి వెళ్లి, వారి గొంతు ఇంకొకరు చెప్పడం. ఈ విషయంలో తెలుగు అమ్మాయిల ఫిర్యాదు న్యాయమైనదే. కానీ చిన్న సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో, ఒక ఊరి కథ చెప్పేచోట పరిస్థితి వేరు. అక్కడ యాస సహజంగా వచ్చే మనుషుల కోసం నిజంగానే వెతుకుతున్నారు. మీ తెనాలి మాటను హాస్టల్ మాటలో కరిగించేయకండి. తెలంగాణ పాత్రకు వెళ్తూ ఒక్కరాత్రిలో ఆ యాస తెచ్చిపెట్టుకోకండి, విన్నవాళ్లు రెండో మాటకే పట్టేస్తారు.

ఉద్యోగం మానకండి. జీతం వచ్చే మనిషికి ‘సరే, థాంక్స్’ అంతగా గుచ్చుకోదు, ఈ నెల అద్దె దాని మీద ఆధారపడి లేదు కాబట్టి. ఆడిషన్ల మధ్య నటించడానికి చోటు వెతుక్కోండి. రవీంద్రభారతిలో నాటకాలు జరుగుతాయి, బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, అక్కడికి వచ్చే బృందాలతో పరిచయం పెంచుకోండి. నెలకోసారి ఆడిషన్‌లో ఒక్క నిమిషం తప్ప ఇంకెప్పుడూ నటించని మనిషికి ఆ నిమిషం భరించలేనంత బరువవుతుంది.

రూమ్మేట్ విషయంలో మీకు నీతులు చెప్పను. ఈర్ష్య వచ్చింది, వస్తుంది. మాట్లాడటం మానేయడం వల్ల మాత్రం ఇద్దరికీ నష్టం. ‘నీకు వచ్చినందుకు సంతోషమే, నాకు రానందుకు కడుపు మండుతోంది’ అని తనతోనే చెప్పండి, ఒకే గదిలో ఉండేవాళ్లు దాచి ఎక్కడికి పోతారు? తరవాత రెండో రౌండుకు తనకు ఎదురు డైలాగు మీరే చదవండి. ఆ కుర్చీలో కూర్చుని ఒక సన్నివేశం పదిసార్లు వింటే, అద్దం ముందు వారంలో తెలియనిది తెలుస్తుంది. తనకూ ఒక అవసరం ఉంది. రెండో రౌండు పేరుతో ఫొటోలకో, రిజిస్ట్రేషన్‌కో, ఆర్టిస్టు కార్డుకో డబ్బు కట్టమంటే అది ఆడిషన్ కాదు, వెళ్లవద్దని చెప్పండి. ఆఫీసులో కాకుండా హోటల్ గదిలో, చీకటిపడ్డాక రమ్మన్నా అంతే. పిలుపు మామూలుగానే ఉన్నా మీరు తోడు వెళ్లండి. మొన్న తను మీకు తోడు వచ్చింది కదా.

దుస్తుల గురించి అడిగారు. ఒకే రంగు, మరీ తెలుపు గానీ మరీ నలుపు గానీ కానిది వేసుకోండి. సన్నటి గీతలు, చిన్న గళ్లు కెమెరాలో మిలమిలలాడతాయి. వెనక ఆకుపచ్చ తెర పెట్టే చోట్లుంటాయి కాబట్టి ఆ రంగు వద్దు. చప్పుడు చేసే గాజులు, పెద్ద జూకాలు హాస్టల్లోనే ఉంచండి, మైకులో అవే వినబడతాయి. జుట్టు నుదుటి మీద పడకూడదు. మేకప్ ఎంత తక్కువైతే అంత మంచిది, వీడియోలో చూసి పిలిచిన మనిషి ఎదుట నిలబడితే గుర్తుపట్టాలి. పాత్ర పల్లెటూరిదైతే కాటన్ చుడీదారు చాలు, లంగావోణీ అద్దెకు తెచ్చుకోనక్కరలేదు. ఫారంలో ఎత్తు దగ్గర రెండు అంగుళాలు కలపకండి, గోడ మీద టేపు అంటించి ఉంటుంది.